‘నిధులు లేవు’ అన్న జవాబు చెల్లదు

ప్రభుత్వ ఆసుపత్రి గడప వద్ద పేదవాడు తరచుగా వినే మాటలు కొన్ని ఉన్నాయి. పడక ఖాళీ లేదు. యంత్రం పని చేయటం లేదు. డాక్టరు పోస్టు భర్తీ కాలేదు. మందు బయట కొనుక్కోండి. విడివిడిగా చూస్తే ఇవి ఆ పూట కలిగిన ఇబ్బందులుగా కనిపిస్తాయి. కలిపి చూస్తే వీటన్నింటి వెనుక ఉన్నది ఒకే మాట: నిధులు లేవు. బడ్జెటు ప్రసంగాలలో ఇదే మాట పొదుపు చర్య అనీ, వ్యయ నియంత్రణ అనీ గంభీరమైన పేర్లతో వినిపిస్తుంది. ఈ జవాబు రాజ్యాంగం ముందు నిలుస్తుందా అన్న ప్రశ్నను సుప్రీంకోర్టు ముందు సూటిగా పెట్టిన ఘనత పశ్చిమ బెంగాల్‌లోని ఒక వ్యవసాయ కార్మిక సంఘానికి దక్కినది. ఆ కేసు ఒక రైల్వే స్టేషనులో మొదలైనది. దాని వివరాలు, ఆ తీర్పు తరువాత జరిగిన పరిణామాలు రైల్వే, తపాలా ఉద్యోగులందరికీ తెలిసి ఉండవలసినవని మేము భావిస్తున్నాము.

1992 జూలై 8వ తేదీ రాత్రి 7.45 గంటల వేళ మథురాపూర్ స్టేషనులో ఒక వ్యవసాయ కూలీ రైలు నుండి క్రింద పడ్డాడు. తలకు తీవ్రమైన గాయమై మెదడులో రక్తస్రావం జరిగినది. మథురాపూర్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అటువంటి గాయానికి వైద్యం చేసే వసతి లేదు. డైమండ్ హార్బరు సబ్‌డివిజనల్ ఆసుపత్రికి గాని, మరొక ప్రభుత్వ ఆసుపత్రికి గాని తీసుకుపొమ్మని అక్కడి వైద్యాధికారి వ్రాసి ఇచ్చాడు. రాత్రి 11.45కు అతనిని కలకత్తాలోని నీల్‌రతన్ సర్కార్ వైద్య కళాశాల ఆసుపత్రికి చేర్చారు. అక్కడ పరీక్షించారు, ఎక్స్‌రేలు తీశారు, వెంటనే చేర్చుకోవలసిన కేసు అని వ్రాశారు. కాని పడక లేదన్నారు. 12.20కు కలకత్తా వైద్య కళాశాల ఆసుపత్రిలోనూ పడక లేదన్నారు. ఒంటి గంటకు శంభునాథ్ పండిట్ ఆసుపత్రిలో, ఇటువంటి అత్యవసర కేసులు చూసే విభాగం తమకు లేదన్నారు. రెండు గంటలకు నేషనల్ వైద్య కళాశాల ఆసుపత్రిలో మళ్లీ పడక లేదన్నారు. తెల్లవారి ఎనిమిది గంటలకు బంగుర్ నాడీ వైద్య సంస్థలో, పది గంటలకు ఎస్.ఎస్.కె.ఎం. ఆసుపత్రిలో వసతి లేదన్నారు. చివరకు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరి, జూలై 22 వరకు అక్కడే ఉండి అతడు ప్రాణం దక్కించుకున్నాడు. అందుకు అయిన ఖర్చు దాదాపు 17,000 రూపాయలు.

రైలు నుండి ప్రమాదవశాత్తు పడిన ప్రయాణికునికి పరిహారం ఇచ్చే 124-ఎ సెక్షను రైల్వే చట్టంలో అప్పటికి లేదు. అది 1994లో చేరినది. ఆ కూలీకి మన రైల్వే ఆసుపత్రిలో హక్కు లేదు. ఇ.ఎస్.ఐ. కార్డు లేదు. ఉన్నది ఒక్కటే: అతడు ఒక సంఘంలో సభ్యుడు. ఆ సంఘం పేరు పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి. గాయపడిన సభ్యునితో కలిసి ఆ సంఘం రాజ్యాంగం 32వ అధికరణం క్రింద సుప్రీంకోర్టులో పిటిషను దాఖలు చేసినది.

రాష్ట్ర ప్రభుత్వం పదవీ విరమణ చేసిన హైకోర్టు న్యాయమూర్తి లీలామయ్ ఘోష్ అధ్యక్షతన విచారణ సంఘాన్ని నియమించినది. 1995లో ఆ సంఘం ఇచ్చిన నివేదిక కొన్ని ఆసుపత్రుల బాధ్యతను ఎత్తి చూపినది. రోగులను చేర్చుకొనే విషయంలో రికార్డులు సక్రమంగా ఉంచవలసిన అవసరాన్ని చెప్పినది. 1996 మే 6న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినది. సకాలంలో వైద్యం అందించకపోవటం 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కుకు భంగమని నిర్ణయించి, 25,000 రూపాయల పరిహారం చెల్లించాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించినది.

పరిహారం కన్నా విలువైనది ఆ తీర్పులో ఉన్న తర్కం. వసతులు కల్పించటానికి డబ్బు అవసరమన్న సంగతిని న్యాయమూర్తులు కాదనలేదు. అయితే, ఆర్థిక ఇబ్బందుల పేరుతో రాజ్యం తన రాజ్యాంగ బాధ్యత నుండి తప్పుకొనజాలదని చెప్పారు. పేద నిందితునికి ఉచిత న్యాయ సహాయం ఇవ్వటానికి డబ్బు లేదని ప్రభుత్వం అనటానికి వీలులేదని 1981లోనే సుప్రీంకోర్టు నిర్ణయించి ఉన్నది. ఆ సూత్రమే పేద రోగి ప్రాణానికీ వర్తిస్తుందని 1996 తీర్పు స్థిరపరచినది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో తగిన వసతులు, జిల్లా, సబ్‌డివిజన్ ఆసుపత్రుల స్థాయి పెంపు, ఏ ఆసుపత్రిలో పడక ఖాళీగా ఉన్నదో వెంటనే తెలిపే కేంద్రీకృత సమాచార ఏర్పాటు, పరికరాలతో కూడిన అంబులెన్సులు ఉండాలని సూచించినది. కేసులో కక్షిదారులు కాకపోయినా మిగతా రాష్ట్రాలు కూడా ఈ చర్యలు చేపట్టాలని చెప్పినది.

ఈ తీర్పు శూన్యంలో నుండి ఊడిపడలేదు. ప్రజారోగ్యాన్ని మెరుగుపరచటం రాజ్యం ప్రాథమిక విధులలో ఒకటని 47వ అధికరణం చెబుతున్నది. అయితే ఆదేశిక సూత్రాలను కోర్టుల ద్వారా అమలు చేయించలేమని 37వ అధికరణం అంటున్నది. చాలాకాలం ప్రభుత్వాలు ఈ రెండవ మాటనే పట్టుకొని మొదటి మాటను మరచిపోయాయి. రోడ్డు ప్రమాదంలో గాయపడిన వ్యక్తిని ఒక ఆసుపత్రి చేర్చుకోకుండా దూరంలోని మరొక ఆసుపత్రికి పంపగా, దారిలోనే మరణించిన ఉదంతంపై 1989లో వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఈ అడ్డుగోడను కొంత తొలగించినది. ప్రభుత్వ వైద్యుడైనా, ప్రైవేటు వైద్యుడైనా ప్రాణం కాపాడటమే మొదటి విధి అనీ, పోలీసు లాంఛనాల కోసం వైద్యం ఆగరాదనీ తేల్చినది. 1989 కేసులో అడ్డు వచ్చినది లాంఛనం. 1996 కేసులో అడ్డు వచ్చినది డబ్బు. ఈ రెండవ అడ్డును తొలగించటం చాలా కష్టమని ఆ తరువాతి చరిత్ర రుజువు చేసినది.

ఆ తీర్పు వచ్చిన కాలాన్ని గుర్తు చేసుకుందాము. 1991 తరువాత ప్రభుత్వ వ్యయాన్ని కుదించటమే ఆర్థిక విధానమైనది. అనేక రాష్ట్రాలలో ప్రభుత్వ ఆసుపత్రులు రోగుల నుండి రుసుములు వసూలు చేయటం మొదలుపెట్టాయి. మధ్యప్రదేశ్‌లో, ఇందోర్‌లోని మహారాజా యశ్వంతరావు ఆసుపత్రితో మొదలైన రోగి కల్యాణ సమితుల నమూనా ఇతర రాష్ట్రాలకు పాకినది. పేదలకు మినహాయింపు ఉన్నదని ఉత్తర్వులు చెప్పాయి. మినహాయింపు పొందాలంటే పేదరికాన్ని కాగితాలతో రుజువు చేయాలి; కాగితాలు సంపాదించే ఓపికా తీరికా రోగికి ఉండవు. ఒక చేత్తో కోర్టు హక్కును గుర్తించిన కాలంలోనే మరొక చేత్తో ప్రభుత్వాలు ఆ హక్కుకు ధర కట్టాయి.

కోర్టులు కూడా ఎల్లప్పుడూ ఒకే దారిన నడవలేదు. 1998లో పంజాబ్ ప్రభుత్వ ఉద్యోగుల వైద్య ఖర్చుల చెల్లింపుపై వచ్చిన కేసును మన సభ్యులు ప్రత్యేకంగా గమనించాలి. ప్రైవేటు ఆసుపత్రులలో అయిన ఖర్చును పూర్తిగా తిరిగి చెల్లించే పద్ధతిని ఆ ప్రభుత్వం 1995లో మార్చి, చెల్లింపుకు పరిమితి విధించినది. ఏ రాజ్యానికీ అపరిమిత వనరులు ఉండవనీ, సహేతుకమైన పరిమితి విధించే విధానం చెల్లుతుందనీ సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. రెండేళ్ల క్రితం తోసిపుచ్చిన వాదానికి ఈ కేసులో కొంత చోటు దొరికినది. ఈ రెండు తీర్పులనూ కలిపి చదివితే మనకు తెలిసేది ఇది: ప్రాణాపాయంలో ఉన్న మనిషిని గడప నుండి వెనుకకు పంపే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు, కాని ఏ ఆసుపత్రిలో, ఎంత ఖర్చుతో వైద్యం చేయించాలన్న విధాన నిర్ణయంలో కోర్టులు సులభంగా వేలు పెట్టవు. పోరాటం ఎక్కడ కోర్టులో సాగాలో, ఎక్కడ బయట సాగాలో నిర్ణయించుకొనటానికి ఈ తేడా మనకు తెలిసి ఉండాలి.

తరువాతి సంవత్సరాలలో ఈ గీత మీదనే అనేక కేసులు నడిచాయి. 2010లో ఢిల్లీ హైకోర్టు ఇద్దరు పేద తల్లుల కేసులను కలిపి విచారించి, ప్రసూతి వైద్యం పేద స్త్రీ హక్కు అని నిర్ణయించినది. ఒక రాష్ట్రంలో పేదగా గుర్తింపు పొందిన మనిషి మరొక రాష్ట్రానికి వెళ్లినంత మాత్రాన ఆ ప్రయోజనం కోల్పోరాదని కూడా చెప్పినది. 2014లో అదే హైకోర్టు, అరుదైన వ్యాధితో బాధపడుతున్న ఒక రిక్షా కార్మికుని బిడ్డకు అత్యంత ఖరీదైన వైద్యాన్ని ఉచితంగా అందించాలని ఢిల్లీ ప్రభుత్వాన్ని ఆదేశించినది. డబ్బు కొరతను చూపి ప్రాణాధారమైన వైద్యాన్ని నిరాకరించరాదన్నది.

2018 నాటి ఉదంతం మరింత స్పష్టమైనది. ఉత్తరప్రదేశ్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న గురు తేగ్ బహదూర్ ఆసుపత్రిలో వసతులలో 80 శాతం ఢిల్లీ వాసులకే కేటాయిస్తూ అక్కడి ప్రభుత్వం ఉత్తర్వు జారీ చేసినది. రద్దీ ఎక్కువైనది, వసతులు చాలటం లేదు అన్నది ప్రభుత్వ వాదన. పడకలు పెంచటానికి బదులు రోగులను తగ్గించే ఉపాయం ఇది. ఓటరు కార్డు చూసి వైద్యం చేయటం 14, 21 అధికరణాలకు విరుద్ధమని అదే ఏడు అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసినది. అయినా 2020 జూన్‌లో, కరోనా ఉధృతంగా ఉన్న రోజులలో, ఢిల్లీ ప్రభుత్వ ఆసుపత్రులు ఢిల్లీ వాసులకే అన్న నిర్ణయం మళ్లీ వెలువడినది. మరునాడే లెఫ్టినెంట్ గవర్నరు దానిని రద్దు చేయవలసి వచ్చినది. ఒకసారి కొట్టివేసిన ఉత్తర్వు రెండేళ్లలో మరొక రూపంలో తిరిగి వచ్చినదంటే, తీర్పును కాపలా కాసే శక్తి కోర్టు బయట ఉండవలసిన అవసరం ఎంతటిదో తెలుస్తుంది. బదిలీల మీద దేశమంతటా తిరిగే మన ఉద్యోగుల కుటుంబాలకు, ట్రాక్ పనికీ భవన నిర్మాణానికీ పరరాష్ట్రాలకు వలస వెళ్లే తెలుగు కూలీలకు ఇది పరాయి సమస్య కాదు.

పరిస్థితిని అంకెలలో చూద్దాము. 2025 నాటికి ప్రజారోగ్యంపై ప్రభుత్వ వ్యయం స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం లక్ష్యం పెట్టుకున్నది. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2013-14లో 1.15 శాతంగా ఉన్న ఈ వ్యయం 2021-22లో 1.84 శాతమైనది. ఆ రెండవది కరోనా ఖర్చులు కలిసిన సంవత్సరం. దేశంలోని మొత్తం ఆరోగ్య వ్యయంలో ప్రజలు నేరుగా జేబులో నుండి పెట్టుకొనే భాగం ఇదే కాలంలో 64.2 శాతం నుండి 39.4 శాతానికి తగ్గినది. ఈ తగ్గుదలను మేము చిన్నచూపు చూడటం లేదు. కాని నూటికి దాదాపు నలభై రూపాయలు ఇంకా రోగి కుటుంబమే భరిస్తున్నది. పైగా ఆ 1.84 శాతంలో రైల్వే ఆసుపత్రుల ఖర్చు, కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం ఖర్చు కూడా కలిసి ఉన్నాయి. అవి తీసివేస్తే వ్యవసాయ కూలీ వాటాకు మిగిలేది మరింత తక్కువ.

భీమా పథకాలు వచ్చాయి గదా అని కొందరు మిత్రులు అడుగుతారు. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైనది. 2018లో ఆయుష్మాన్ భారత్ క్రింద కుటుంబానికి ఏడాదికి అయిదు లక్షల రూపాయల వరకు ఆసుపత్రి వైద్యం ప్రకటించారు. వీటి వలన శస్త్రచికిత్సలు చేయించుకొని బ్రతికిన పేదలు ఉన్నారు. ఆ మేలును కాదనము. అయితే ఈ పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన తరువాతి ఖర్చును చూస్తాయి. రోజూ మ్రింగవలసిన రక్తపోటు మాత్ర, చక్కెర వ్యాధి మందు, ఒకనాటి జ్వరం వాటి పరిధిలోకి సాధారణంగా రావు. రాత్రి వేళ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరును అవి నియమించవు. నాడు మథురాపూర్‌లో లేనిది కార్డు కాదు, వసతి. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం పది కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలను ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్య పద్ధతిలోకి తేవాలని నిర్ణయించగా, ఆ నిర్ణయంపై హైకోర్టులో ప్రజాహిత వ్యాజ్యం దాఖలైనది. వైద్య కళాశాలతో పాటు దానికి అనుబంధమైన ఆసుపత్రి ఉంటుంది. దాని పడకలు ఎవరి అధీనంలో ఉంటాయన్నది పేద రోగికి విధాన చర్చ కాదు, ప్రాణ సమస్య.

ఇక్కడ ఒక ఆక్షేపణకు జవాబు చెప్పాలి. బడ్జెటు నిర్ణయించేది ప్రజలు ఎన్నుకున్న శాసనసభలు. జడ్జీలు ఖజానాను శాసించరాదు అని పాలకులు అంటారు. ఈ వాదంలో సత్యం ఉన్నది. ఏ శాఖకు ఎంత డబ్బు అన్నది కోర్టు వ్రాసి ఇవ్వవలసిన లెక్క కాదు. కాని ఖేత్ మజ్దూర్ సమితి కోరినది బడ్జెటు పద్దు కాదు. గాయపడిన మనిషిని రాత్రంతా గడప గడపకూ త్రిప్పి పంపే అధికారం ఎవరు ఇచ్చారని మాత్రమే అది అడిగినది. ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసి వచ్చినప్పుడు ప్రభుత్వాలకు డబ్బు దొరుకుతుంది. మరొక విషయం కూడా స్పష్టం చేస్తున్నాము. మా నింద అత్యవసర విభాగంలో ఒక్కడే యాభై మందిని చూసే డాక్టరు మీద కాదు, రెండు డ్యూటీలు చేసే నర్సు మీద కాదు. వారు మన వంటి ఉద్యోగులే. ఖాళీలు నింపని వాడు పైన ఉన్నాడు. తిట్లు తినేవాడు క్రింద ఉన్నాడు. ఈ బాధ మన బుకింగ్ కౌంటరు గుమాస్తాకూ, పోస్టాఫీసు కౌంటరు గుమాస్తాకూ బాగా తెలిసినదే.

మన పరిస్థితి ఏమిటి? మనకు రైల్వే ఆసుపత్రులు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం ఉన్నది. 1944 నాటి వైద్య పరిచర్య నియమాలు ఉన్నాయి. అయినా కోత మన వరకు రాదనుకొనటం పొరపాటు. పదవీ విరమణ చేసిన ఒక కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి ప్రాణాపాయ స్థితిలో, జాబితాలో లేని ఆసుపత్రిలో చేరినందుకు బిల్లు కోసి ఇస్తే, ఆయన సుప్రీంకోర్టు దాకా పోవలసి వచ్చినది. వైద్యం నిజంగా జరిగినదా లేదా అన్నదే చూడాలి గాని ఆసుపత్రి పేరు జాబితాలో లేదని బిల్లు నిరాకరించరాదని 2018 ఏప్రిల్‌లో కోర్టు తీర్పు చెప్పినది. పింఛనుదారుల క్లెయిములను ఏడు రోజులలో పరిష్కరించాలని కూడా చెప్పినది. ఆ తీర్పు పింఛనుదారుని చేతిలో ఆయుధం.

మన మధ్యనే మరొక గీత ఉన్నది. తపాలా శాఖ చివరి మైలు మోసే గ్రామీణ డాక్ సేవకులది సివిల్ పదవి అని 1977లోనే సుప్రీంకోర్టు గుర్తించినది. అయినా శాశ్వత ఉద్యోగులకు ఉన్న వైద్య పరిచర్య నియమాల నీడలోకి వారిని రానివ్వలేదు. మన పెట్టెలు కడిగే, ప్లాట్‌ఫారాలు ఊడ్చే కాంట్రాక్టు కార్మికునికి ఇ.ఎస్.ఐ. చట్టబద్ధమైన హక్కు. అయినా కాంట్రాక్టరు కోత కోసిన సొమ్ము జమ అయినదో లేదో చాలా చోట్ల ఆ కార్మికునికే తెలియదు. స్టేషనులో పడిపోయిన కూలీకీ, అతనిని స్ట్రెచరు మీద ఎత్తే కాంట్రాక్టు కార్మికునికీ దూరం చాలా తక్కువ.

కాబట్టి మేము శాఖలకు సూచించేది ఆచరణలో పెట్టగల పని. బెంగాల్ కేసు గెలవటానికి ఒక ముఖ్య కారణం ఉన్నది. ఏ గంటకు ఏ ఆసుపత్రికి పోయారు, అక్కడ ఏమని చెప్పారు అన్న వివరం వరుసగా కోర్టు ముందు ఉన్నది. రికార్డు విలువ మనకు ఒకరు చెప్పనక్కరలేదు. రిజిస్టరు ఉత్తరానికి రసీదు లేకుండా మనం కౌంటరు నుండి కదలనివ్వము. రైలు నడిచిన ప్రతి నిమిషాన్నీ డైరీలో వ్రాస్తాము. వైద్యం నిరాకరించినప్పుడు కూడా రసీదు ఉండాలి. తేదీ, గంట, చూసిన వైద్యుని పేరు, చెప్పిన కారణం ఓ.పి. చీటీ మీద వ్రాయించుకొనటం సభ్యులకు, వారి ఇరుగుపొరుగు పేదలకు నేర్పాలి. 2005 సమాచార హక్కు చట్టం క్రింద ఖాళీ పోస్టుల వివరాలు, చెడిపోయిన యంత్రాల వివరాలు అడగాలి. కేంద్ర సంస్థలకు వ్రాసే దరఖాస్తులను తీసుకొనే ఏర్పాటు పోస్టాఫీసులలోనే ఉన్నదని మన తపాలా సోదరులు ప్రజలకు చెప్పాలి. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, పారిశ్రామిక కార్మికులకు ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టం చెబుతున్నది. ఢిల్లీ దాకా పోనవసరం లేదు. 226వ అధికరణం క్రింద హైకోర్టు తలుపు తెరిచే ఉన్నది.

కోర్టులో గెలిచిన దానిని ఊరిలో నిలుపుకోవాలి. ప్రతి డివిజను శాఖ తన పరిధిలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిని ఎన్నుకొని, అక్కడి ఆసుపత్రి ఉద్యోగుల సంఘంతో, వ్యవసాయ కార్మిక సంఘంతో కలిసి పడకలు, ఖాళీలు, మందుల నిల్వపై ఆరు నెలలకొకసారి నివేదిక తయారు చేయాలని విజ్ఞప్తి చేస్తున్నాము. గ్రామీణ డాక్ సేవకులకు, కాంట్రాక్టు కార్మికులకు వైద్య సదుపాయం కల్పించాలన్న కోరికను మన కోరికల పత్రంలో చివరి అంశంగా కాక మొదటి అంశాలలో ఉంచాలి. భూమి లేని, నిధులు లేని ఒక కూలీల సంఘం నాలుగేళ్లు పోరాడి దేశంలోని ప్రతి పేద రోగికి పనికివచ్చే తీర్పును సాధించినది. నెల జీతమూ, చందా పుస్తకాలూ, దేశమంతటా శాఖలూ ఉన్న మన సంఘాలు దానిని అమలు చేయించే బాధ్యతను తలకెత్తుకోవాలి.